చప్పుడు లేని గిరక

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. చేతకాదంటే చేతకాదు, అంతే. బోధన్‌లో నా మోటారు వైండింగ్ షాపులో నా కోసమని వేసుకున్న స్టూలు మీద ఎప్పుడూ గిరాకీలే కూర్చుంటారు. నేను నిలబడే రాగి తీగ చుడతాను, నిలబడే చాయ్ తాగుతాను, నిలబడే తిడతాను. మా ఆవిడ భాగ్యలక్ష్మి పొద్దున చాట ముందు పెట్టుకుందంటే ఐదారు గంటలు కదలకుండా బీడీలు చుడుతుంది. నన్ను చూస్తే ఆమెకు తల తిరుగుతుందట. "కాలుగాలిన పిల్లి లెక్క ఏందయ్యా గది, జర కూసోరాదు!" అని రోజుకు పదిసార్లు అంటుంది. కూర్చుంటాను. మళ్లీ లేస్తాను.

అలాంటి నన్ను పిలిచి దస్తగిర్ ఉస్తాద్ చేపల గిరక ఎంచి తెమ్మన్నాడు.

ఉస్తాద్ చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ నడిపిన టర్నర్. నాకు పదిహేడేళ్లప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. కాలువలో గాలం వేయడం నేర్పిందీ ఆయనే. మొదటిది బాగా వచ్చింది. రెండోది రాలేదు, దానికి కూర్చోవాలి కదా.

ఆయన పట్టేది పారే నీళ్లలో, బెండు గాలంతో. నీటి మీద బెండు తేలుతూ పోతుంటుంది, దాని కింద గాలం, ఎర. నీరు బెండును లాక్కుపోతున్నంతసేపూ రాడ్డుకున్న గిరక తనంత తాను తిరుగుతూ దారం వదలాలి. అందులో బ్రేకూ ఉండదు, గేర్లూ ఉండవు. బ్రేకు మన బొటనవేలే. బెండు మునిగిందా, రాడ్డును ఒక్క ఊపున పైకి లేపాలి. దాన్నే కొట్టడం అంటాం. ఒక్క క్షణం ఆలస్యమైతే చేప ఎర ఉమ్మేసి దాని దారిన అది పోతుంది.

కష్టమేమిటంటే ఉస్తాద్‌కు బెండు కనబడదు. షుగర్ రోగం రెండేళ్లలో ఆయన కళ్లు తినేసింది. నిజామాబాద్ తిరిగారు, హైదరాబాద్ తిరిగారు, ఇప్పుడు పగలో రాత్రో తెలుస్తుంది, అంతకుమించి లేదు. పోయిన ఏడు కాలువ గట్టు అంచు తెలియక కాలు జారింది. నేను ఆయన్ను నడుం దగ్గర పట్టి ఆపాను, రాడ్డు మాత్రం పాత ఇత్తడి గిరకతో సహా నీళ్లలో పడి కొట్టుకుపోయింది. "నన్నెందుకు పట్టినవ్ రా, గిరకను పట్టాలె గని!" అని ఆయన పకపకా నవ్వాడు. నేను మటుకు ఆయన చొక్కా కొస ఇంటిదాకా వదల్లేదు.

రాడ్డు పోకముందు ఆ ఏడంతా పక్కనున్నవాళ్లు "దిగింది ఉస్తాద్, కొట్టు!" అని అరిస్తే ఆయన కొట్టేవాడు. చేపలు పడేవి. ఆ చేపలను ఆయన ఇంటికి తీసుకుపోయేవాడు కాదు.

ఈ మార్చిలో నన్ను మంచం పక్కన నిలబెట్టుకుని చెప్పాడు.

"అరే మార్కండేయా, గిరక ఒకటి జూడు. గట్టిది కావాలె. ఇసుక పడ్డా, రాయి మీద పడ్డా ఏం గావద్దు. నేను పోయినంక గూడ తిరగాలె."

"తెస్త ఉస్తాద్."

"ఇంకో మాట ఇను. ఈసారి నాకు ఎవ్వడు చెప్పొద్దు. నా అంతల నేనే కొట్టాలె. ఒక్కటంటే ఒక్కటి. అది గాకుంటే ఇగ కాలువ మొఖం సూడ."

ఆయన అన్నాడంటే అన్నట్టే. గుట్కా మానేస్తానని ఒకసారి అన్నాడు, పదిహేనేళ్లయింది, ఆ దుకాణం ముందు నుంచి కూడా పోలేదు. పైగా యాసంగి పంటకు కాలువ నీళ్లు వదిలేది విడతలు విడతలుగా. మిగిలింది ఆఖరి విడత ఒక్కటే, పన్నెండు రోజులు. ఆ తర్వాత వానలు పడేదాకా కాలువలో తుమ్మచెట్ల నీడ తప్ప ఏముండదు. వానాకాలానికి ఆయన కాలి పుండు ఎట్లుంటుందో చెప్పలేమని డాక్టరు అన్నాడట. ఆయన భార్య వాజిదా ఆపా నన్ను గడప బయటికి తీసుకొచ్చి ఆ సంగతి చెప్పింది. "మంచిది తే మార్కండేయా. గీ ఒక్కసారి మంచిది తే" అంది.

మంచిది తేవడం నాకొచ్చు అనుకున్నాను. ఇరవై ఏడేళ్లుగా తిరిగే వస్తువులతోనే నా బతుకు.

నిజామాబాద్ బస్టాండు వెనక వలలూ గాలాలూ అమ్మే దుకాణం ముఖీత్‌ది. సన్నగా, నెమ్మదిగా ఉంటాడు, ఒక్కో మాట తూచి మాట్లాడతాడు. అలాంటివాళ్లను చూస్తే నాకు వొళ్లు మండుతుంది. అద్దాల బల్ల మీద మూడు గిరకలు పెట్టాడు. మొదటిది నల్ల ప్లాస్టిక్. బొటనవేలితో నొక్కితే లోపలికి వంగింది. "ఇది పిల్లగాండ్లు ఆడుకునేది" అని పక్కకు తోశాను. రెండోది అల్యూమినియం రేకు నొక్కి రివెట్లు కొట్టింది. రాయి మీద ఒక్కసారి పడితే అంచు సొట్టపోతుంది, సొట్టపోతే దారం ఇరుక్కుంటుంది. అదీ పక్కకు తోశాను. మూడోది చేతిలోకి తీసుకోగానే తెలిసింది. అచ్చు పోసింది కాదు, గట్టి కడ్డీ నుంచి లేత్ మీద తీసింది. నడుమ స్టీలు ఇరుసు, రెండు పక్కలా బేరింగులు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి విప్పడం మొదలుపెట్టాను.

"కొనకముందే ఇప్పుతవా అన్నా!" అన్నాడు ముఖీత్.

"ఇప్పకుంట కొనేటోడు పిచ్చోడు."

మళ్లీ బిగించి, అంచు మీద మెల్లగా ఊదాను. తిరిగింది! నోటి గాలికి తిరిగింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అప్పుడు వచ్చింది చిరాకు. లోపల ఒక చిన్న ఇనుప నాలుక పళ్లచక్రానికి తగులుతూ టిక్ టిక్ టిక్ అంటోంది. దాన్ని వెనక్కి జరిపే మీట ఉంది. జరిపినా ఎక్కడో కాస్త రాసుకుంటూనే ఉంది. నా వృత్తిలో చప్పుడంటే రోగం. మోటారు చప్పుడు చేసిందంటే ఏదో అరుగుతున్నట్టే, అరిగేది ఎక్కువ రోజులుండదు. ఉస్తాద్ అడిగింది ఎక్కువ రోజులుండేది.

"గీ నాలుక తీసెయ్" అన్నాను.

"ఉండనియ్ అన్నా. కొందరికి పనికొస్తది."

"ఎవరికి?"

"చీకట్ల పట్టేటోళ్లకు."

"మేం పట్టపగలే పడ్తం. తీసెయ్!"

ముఖీత్ నన్ను ఒక్కసారి చూసి, పట్టకారుతో నాలుక తీసి చెత్తడబ్బాలో వేశాడు. గిరకను మళ్లీ తిప్పాను. చప్పుడు లేదు, రాపిడీ లేదు. గాలి తిరిగినట్టు తిరిగింది. బోధన్ బస్సులో దాన్ని వొళ్లో పెట్టుకుని ఎడపల్లి దాకా తిప్పుతూనే ఉన్నాను. పక్క సీటు ముసలాయన విసుక్కుని లేచిపోయాడు.

నీళ్లు వదిలిన మూడో రోజు ఉస్తాద్‌ను మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని రుద్రూర్ వైపు పోయాను. రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లు. తూము దగ్గర కాలువ కాస్త వంపు తిరుగుతుంది, అక్కడ నీరు గట్టును ఒరుసుకుంటూ పోతుంది. ఉస్తాద్‌ను తూము పక్కన రాతి అరుగు మీద కూర్చోబెట్టాను. ఆయనే ఎర కలుపుకున్నాడు, పల్లిపిండి, బెల్లం, చిటికెడు వాము. గిరక బిగించిన కొత్త రాడ్డు చేతికిచ్చాను. ఆయన గిరకను చూపుడువేలితో ఒక్క దెబ్బ కొట్టి, తల పక్కకు వాల్చి విన్నాడు.

"చప్పుడే లేదేంది రా?"

"మరి! తీసేయిచ్చిన!" అన్నాను గొప్పగా.

ఆయన గిరకను ఇంకోసారి తిప్పి చూశాడు. తర్వాత "మంచిది" అన్నాడు.

బెండు నీళ్లలో వేశాడు. ఎర్ర మూతి బెండు అది, దూరానికి కూడా కనబడుతుంది. కాలువ దాన్ని తీసుకుపోతుంటే గిరక ఎంత సాఫీగా తిరిగిందంటే నాకు కళ్లలో నీళ్లు వచ్చినంత పనైంది. ఉస్తాద్ బొటనవేలు గిరక అంచు మీద ఆనీ ఆనకుండా ఉంది. నేను వెనక అటూ ఇటూ నడుస్తున్నాను. పక్క గట్టు మీద ఇంకో నలుగురు గాలాలు వేసుకుని కూర్చున్నారు. నోరు తెరవొద్దని వాళ్లందరికీ ముందే చెప్పాను.

ఐదోసారి బెండు వంపు దాటుతుండగా మునిగింది. తేలలేదు. దారం గీత గీసినట్టు బిగిసింది. ఉస్తాద్ కదలలేదు. గిరక వేగం పెరిగింది, ఆయన బొటనవేలు కిందే జరజరా తిరుగుతోంది. ఆయన మొహం మాత్రం బస్సు కోసం చూసేవాడి మొహంలా ఉంది. కొట్టడేం? ఇంకా కొట్టడేం? వేలు కింద అంత పరుగు తెలియడం లేదా? నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. అరచేతితో నోరు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

"కొట్టు ఉస్తాద్! కొట్టు!"

నేనే. నా నోరే.

ఆయన కొట్టాడు. చేతులకు అలవాటు, అవి ఆగవు. చేప తగిలింది. ఇరవై నిమిషాలు ఆడించి గట్టుకు తెచ్చాడు. నాలుగు కిలోల రవ్వ చేప, పొలుసు ఎండలో ధగధగలాడుతోంది. పక్క గట్టువాళ్లు ఈలలు వేశారు, "వారెవా ఉస్తాద్!" అన్నారు. ఆయన ఎవరి వైపూ తల తిప్పలేదు. రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు విని "దాన్ని ఆ డ్రైవరుకియ్యి" అన్నాడు. ఇచ్చాను. మోపెడ్ మీద ఇంటికి తీసుకొచ్చాను. గడప దగ్గర దిగి, గోడ పట్టుకుని, నా వైపు కాకుండా వీధి వైపు మొహం పెట్టి, "రాడ్డు నువ్వే ఉంచుకో" అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు నేను మనిషిని కాను. ఒక మోటారుకు వేరే మోటారు తీగ చుట్టాను. మోర్తాడ్ నుంచి పసుపు ఉడకబెట్టేవాళ్ల పంపుమోటారు వస్తే, దాని యజమాని ముందే దాన్ని కాలితో తన్నాను. నా మీద నాకు కోపం, ఉస్తాద్ మీద ఇంకా కోపం. అంత మంచి గిరక! నోటి గాలికి తిరిగే గిరక! దాని కింద వేలు పెట్టుకుని కూడా ఎందుకు కొట్టలేదు? అడిగేయాలి. నాలుగో రోజు షాపు షట్టరు సగం దించి ఉస్తాద్ ఉండే శక్కర్‌నగర్‌కు పోయాను.

ఉస్తాద్ మంచం మీద పడుకుని రేడియో వింటున్నాడు. నేను కూర్చోలేదు.

"ఎందుకు కొట్టలే ఉస్తాద్?"

"ఏంది?"

"ఆరోజు. గిరక ఉరుకుతుంటే నీ వేలు దాని మీదనే ఉండె. ఎందుకు కొట్టలే?"

"పోనీ రా. అయిపోయింది గద."

"అయిపోలే!" అని గిరక తీశాను. "గిటు పట్టు. సూడు ఎట్ల తిరుగుతదో. గింత తెల్వదా?"

గిరకను జోరుగా తిప్పి, ఆయన చేయి పట్టి బొటనవేలు దాని అంచు మీద పెట్టాను. ఆయన తల వంచి, ఎప్పుడో వర్క్‌షాపులో పని పరీక్షించినట్టు కనుబొమలు ముడిచాడు.

"మంచిగ తిరుగుతుంది" అన్నాడు.

గిరక ఆగిపోయి ఉంది. ఆయన వేలు పెట్టగానే ఆ బరువుకే ఆగిపోయింది. ఆగిపోయిన గిరక మీద వేలు పెట్టుకుని ఆయన "మంచిగ తిరుగుతుంది రా, మంచి మాల్ తెచ్చినవ్" అని మళ్లీ అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మంచం పట్టె మీద కూర్చుండిపోయాను.

"చెప్పు" అంది వాజిదా ఆపా వంటింటి గుమ్మంలోంచి. "ఇప్పటికన్న చెప్పు. లేకుంటే నేను చెప్త."

ఆయన చెప్పలేదు. ఆమే వచ్చి ఆయన కుడి చేయి తిప్పి చూపించింది. చూపుడువేలు, నడిమివేలు కొసలు కాలి నల్లబడి ఉన్నాయి. "మొన్న పొయ్యి మీది పెంకను పట్టుకుండు. కాలింది ఆయనకు తెల్వలే. నాకు వాసనొచ్చింది" అంది. మళ్లీ వంటింట్లోకి పోయింది.

ఉస్తాద్ ఆ చేయి దుప్పటి కింద పెట్టుకున్నాడు.

"టర్నర్‌ను రా నేను" అన్నాడు. "వెంట్రుక మందం తేడా గీ వేళ్లతోటి చెప్పేటోణ్ణి. ఇంజనీర్లు మీటరు పెట్టి సూస్తె నేను చెప్పిందే వచ్చేది. కండ్లు పోయినయని ఊరందరికి ఎరుక. వేళ్లు గూడ పోయినయని డప్పు కొట్టాల్నా?"

"నాకు చెప్పొచ్చు గద ఉస్తాద్."

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే."

అది నిజమే. గిరకను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. చప్పుడు లేదు. నేను నా చేత్తో తీసేయించిన చప్పుడు. చీకట్లో పట్టేవాళ్లకు అని ముఖీత్ చెప్పనే చెప్పాడు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఉస్తాద్ కళ్ల సంగతి నాకు తెలుసు, తెలిసీ ఆ మాట నా చెవికి ఎక్కలేదు. నా చెవికి చప్పుడంటే రోగం తప్ప ఇంకోటి తెలియదు కదా!

"చెవులెట్లున్నయి?" అని అడిగాను.

"ఏం?"

"చెవులు ఉస్తాద్. మంచిగ ఇనవడ్తదా?"

"మీ ఆపా వంటింట్ల గొణిగేది గూడ ఇనవడ్తది. ఎందుకు?"

"ఇంకొక్కసారి కాలువకు పోదాం."

"రాను."

"ఆరోజు పట్టింది నువ్వు కాదు. నోరు తెరిచి నేను పట్టిన. గిరక నేను ఖరాబు చేసిన. నువ్వింక మొదలే పెట్టలే. తప్పు నాది పెట్టుకొని శిక్ష నీకు ఏసుకుంటవా?"

ఆయన చాలాసేపు రేడియో బటను తిప్పుతూ ఉన్నాడు. "గిరక తేపో, సూద్దాం" అన్నాడు చివరికి.

కాలువ బందయ్యేది శనివారం. నాకు నాలుగు రోజులున్నాయి. ముఖీత్‌కు ఫోన్ చేస్తే చెత్తడబ్బా ఎప్పుడో ఊడ్చేశానన్నాడు, కొత్త నాలుక తెప్పిస్తే పది రోజులు పడుతుందన్నాడు. నేనే చేస్తానన్నాను. ఇన్నేళ్లుగా మోటార్ల నోరు మూయించడమే నా పని, మొదటిసారి ఒకదానికి నోరు పెట్టాల్సి వచ్చింది.

విప్పగానే ఇంకో సంగతి బయటపడింది. ఒక్క రోజు కాలువ దగ్గర ఉన్నందుకే ఒక బేరింగులోకి సన్న ఇసుక పోయింది. ఈ లెక్కన అది ఏడాది కూడా ఆగదు. దాని గొప్ప చూసి మురిసిపోయిన నన్ను ఏమనాలి? రెండు బేరింగులూ పీకేసి, గన్‌మెటల్ బుష్‌లు, అంటే గుండ్లు లేని కంచు గొట్టాలు, తీసి పెట్టాను. నోటి గాలికి తిరగదు. కానీ రెండు చుక్కల నూనెతో ఇరవై ఏళ్లు తిరుగుతుంది. పాత టేబుల్ ఫ్యాన్ తల తిప్పే ఇత్తడి పళ్లచక్రం దొరికింది, దాన్ని ఇరుసుకు బిగించాను. నాలుక దగ్గర వచ్చాయి తిప్పలు. హాక్సా బ్లేడు ముక్క పెడితే బిర్రుగా ఉంది, నీటి లాగుడుకు గిరక కదలదు. గడియారం స్ప్రింగు పెడితే చప్పుడే రాదు. రెండు రోజులు అదే పని. షాపుకొచ్చిన గిరాకీలను ఏం కావాలో అడగకుండానే రేపు రమ్మన్నాను. చివరికి ఇనుప కొలత టేపు కొస కత్తిరించి పెడితే కుదిరింది. టిక్. టిక్. టిక్. స్పష్టంగా, తేలికగా.

ఇంటికి తీసుకుపోయి భాగ్యలక్ష్మిని కళ్లు మూసుకోమన్నాను.

"బీడీలు ఎవరు చుడ్తరు, మీ తాతనా?"

"కండ్లు మూసుకొని గూడ చుడ్తవని ఎరుకే. ఇని చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది, వేళ్లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. నేను గది ఆ చివర నుంచి దారం లాగాను, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గబుక్కున, ఒకసారి లాగి ఆపాను.

"నడుస్తుంది" అంది. "ఉరుకుతుంది. ఆ... ఆగింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నువ్వు కాలు ఆడిస్తున్నవ్. గది గూడ ఇనవడ్తుంది."

శనివారం పొద్దున్నే పోయాం. ఎవరూ లేరు, వెలివేసినట్టుంది గట్టు. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని గిరకను తిప్పి విన్నాడు. మళ్లీ తిప్పాడు. మూడోసారి తిప్పి, గాలానికి ఎర పెట్టుకున్నాడు.

"నువ్వు గిటు సూడొద్దు" అన్నాడు.

"సూడ."

"గట్ల కాదు. వీపు పెట్టి కూసో. మొఖం చెరుకు దిక్కు ఉండాలె. తిరిగినవో, రాడ్డు కాలువలేస్త. నిలవడొద్దు. కూసో."

కూర్చున్నాను. నా బతుకులో అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. ఎదురుగా చెరుకు తోట, ఒక వైపు కొట్టేశారు, ఇంకో వైపు నిలబడి ఉంది. వెనక నీళ్ల చప్పుడు, దాని మీద గిరక. టిక్ టిక్ టిక్ టిక్ అంటూ పోతుంది, వంపు దగ్గర కాస్త తొందరపడుతుంది, ఆగుతుంది. ఆయన దారం చుట్టుకుంటాడు, మళ్లీ వేస్తాడు. కాళ్లలో చీమలు పాకుతున్నాయి. మెడ తనంత తాను తిరగబోతే రెండు చేతులతో పట్టుకుని ఆపాను. గంటైంది. రెండు గంటలైంది.

ఆ తర్వాత గిరక నెమ్మదించింది. నీళ్లు తగ్గుతున్నాయని నాకు అర్థమైంది. పైన ఎక్కడో గేట్లు దించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి కాలువ ఆగిపోతుంది. టిక్... టిక్... టిక్. ఇంక ఎన్నిసార్లు వేయగలడు? మూడా, నాలుగా? దేవుడా, పరిగె పిల్లైనా ఒకటి పంపు అనుకున్నాను.

టిక్... టిక్.

ఆగింది.

వంపు దాకా పోలేదు, మధ్యలోనే ఆగింది. నాచు పట్టిందా? చేపా? బెండు నీటి పైన ఉందా, లోపల ఉందా? వెనక్కి ఒక్కసారి చూస్తే చాలు, అరక్షణం పని. తువ్వాల నోట్లో కుక్కుకుని పళ్లతో కరిచిపట్టాను. ఉస్తాద్ కొట్టలేదు. ఊపిరి కూడా వినబడటం లేదు. టిక్ అని ఒక్కటి వచ్చింది. మళ్లీ ఏమీ లేదు. నా గుండె చప్పుడుకు గిరక చప్పుడు వినబడదేమోనని భయమేసింది. టిక్, టిక్.

గాలిని రాడ్డు కోసిన చప్పుడు.

వెంటనే గిరక గొల్లుమంది. "యా అల్లా!" అని అరిచాడు ఉస్తాద్. "పడ్డది! పడ్డది రా! బొచ్చె ఇది, తల ఊపుతుంది!"

"తిరగనా?" అన్నాను తువ్వాల తీసి.

"తిరగొద్దు!"

"గట్టు జారుడున్నది ఉస్తాద్!"

"తిరిగినవంటే సంపుత!"

తిరగలేదు. వేళ్లతో అరుగు రాళ్లను గట్టిగా పట్టుకుని, చెరుకు వైపు చూస్తూ, నా కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాను. గిరక ఉరికేది, ఆగేది, ఆయన చుట్టేవాడు, అది మళ్లీ ఉరికేది. "తూము దిక్కు పోతుంది సూడు, పోనియ్య, పోనియ్య నిన్ను" అని ఆయన చేపతో మాట్లాడుతున్నాడు. ఎంతసేపో తెలియదు. చివరికి టప్ మని తెగింది. గిరక ఒకటి రెండు చుట్లు వట్టిగా తిరిగి ఆగిపోయింది.

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు తిరగడానికి ధైర్యం చాలలేదు. వెనక నుంచి ఏదో వింత చప్పుడు వస్తోంది. ఏడుస్తున్నాడనుకున్నాను.

నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వుతున్నాడు.

"పోయింది రా! తెంపుకొని పోయింది! నా సొంతంగ పోగొట్టుకున్న!"

అప్పుడు తిరిగాను. ఆయన రాడ్డు వొళ్లో పెట్టుకుని, మొహమంతా చెమటతో, పదేళ్లు చిన్నవాడైపోయినట్టు కూర్చున్నాడు.

"ఎంతుంటది ఉస్తాద్?"

"నువ్వు సూడలేదా?"

"సూడలే."

"సచ్?"

"ఒట్టు. ఒక్కసారి గూడ తిరగలే."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఎనిమిది కిలోలు" అన్నాడు.

ఈ కాలువలో ఎనిమిది కిలోల బొచ్చె ఉందని నేను ఎప్పుడూ వినలేదు. నాలుగుంటుందేమో, మహా అంటే ఐదు. కానీ రెండేళ్లుగా నీళ్లలో ఏం జరిగిందో మేం చెబితే ఆయన నమ్మాడు. ఇవాళ ఆయన చెబుతున్నాడు.

గట్టు వెంట కాలువ లష్కర్ భోజన్న సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు, తూము షట్టరు దించడానికి. తడిసిన రాడ్డు చూసి ఆగాడు.

"ఏమన్న పడ్డదా?"

"బొచ్చె. ఎనిమిది కిలోలు. ఆఖరికి దారం తెంపుకొని పోయింది" అన్నాను.

భోజన్న నీళ్ల వైపు చూసి, ఉస్తాద్ వైపు చూసి, నా మొహంలోకి చూశాడు. "ఎనిమిదా! నీ కండ్లతోటి సూసినవా?"

"నేను సూడలే" అన్నాను. "ఉస్తాద్ సూసిండు."